మాట లేని సొంతవాక్యం

మా తెలుగు టీచరు గారు పోయారు. రేపల్లె నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయిందక్కా" అంది. అప్పుడు నేను తెనాలిలో, నేను పనిచేసే బళ్ళో, పిల్లల చేత సొంతవాక్యాలు చెప్పిస్తున్నాను. కళ్ళు తుడుచుకుని ఆ పీరియడ్ పూర్తిచేశాను. మధ్యలో ఆపితే ఆవిడ ఊరుకునే మనిషి కాదు.

భట్టిప్రోలు బళ్ళో ఆవిడ మాకు పాఠం చెప్పిన రోజుల్లో అర్థం ఒప్పజెప్పి కూర్చుంటామంటే కుదిరేది కాదు. "మాటని ఇంటికి తీసుకెళ్ళి వాడండర్రా, అప్పుడే అది మీదవుతుంది" అనేవారు. ఒకరోజు బోర్డు మీద 'వివక్ష' అని రాశారు. మంచికీ చెడుకీ తేడా తెలియడం విచక్షణ, ఆ తేడా సాకు పెట్టుకుని మనిషిని దూరం పెట్టడం వివక్ష అని చెప్పారు. "తేడా తెలియాలి, తేడా చూపించకూడదు. అంతే" అని సుద్దముక్క కింద పెట్టేశారు.

సొంతవాక్యం చెప్పడానికి నా వంతు వచ్చింది. "మా అమ్మ పండక్కి గులాబీ పువ్వులు వండుతుంది. పక్కింటికి మాత్రం బిస్కట్ ప్యాకెట్ పంపుతుంది" అన్నాను. అసలు మాటే లేదని క్లాసంతా నవ్వింది. టీచరు గారు నవ్వలేదు. "మాట లేదు గానీ అర్థం ఉంది. కూర్చో అమ్మాయ్" అన్నారు.

మాది లూథరన్ కుటుంబం. గులాబీ పువ్వులంటే పూల అచ్చును పిండిలో ముంచి నూనెలో వేయించే పిండివంట. క్రిస్మస్‌కి అవి మా వాళ్ళ వరకే. వీధిలో మిగతా ఇళ్ళకు ఆపిల్ పళ్ళూ, బిస్కట్లూ. మీ చేతివంట మేం తినం అని ఎవరూ నోరు తెరిచి అనలేదు. అనే అవసరం రాకుండా అమ్మే చూసుకునేది.

ఆ క్రిస్మస్‌కి టీచరు గారు మా ఇంటికి వచ్చారు. అమ్మ కంగారుపడి పళ్ళూ బిస్కట్లూ తెచ్చి ముందు పెట్టింది. ఆవిడ పళ్ళెం పక్కకు జరిపారు. "ఇవి కొట్లో దొరుకుతాయి కదమ్మా. వీధి మలుపు దాకా వాసనొస్తుంది, అదేంటి?"

"అవి మేం వండుకున్నవండి..." అమ్మ వంటింటి వైపు చూసింది.

"మరి వండినవే కదా తినేది."

అమ్మ లోపల్నుంచి డబ్బా తెచ్చింది. ఆవిడ ఒక పువ్వు తీసుకుని కొరికారు. నిదానంగా నమిలి, "నువ్వులు కాస్త మాడాయమ్మా" అన్నారు. అమ్మ పకపకా నవ్వేసింది. వంటకి వంక పెడితే అంత సంతోషించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అప్పట్నుంచి ఏటా ఆవిడకి గులాబీ పువ్వులు వెళ్ళాల్సిందే, ఏటా ఏదో ఒక వంక రావాల్సిందే. ఓసారి తీపి ఎక్కువ, ఓసారి పిండి జారు. అమ్మ పోయాక మొదటిసారి నేను చేసి పట్టుకెళ్ళాను. తిని, నా తల నిమిరి, "మీ అమ్మ చేతికీ నీ చేతికీ తేడా ఉందే. ఉండనీ" అన్నారు.

పెద్దకర్మకు ముందు వాళ్ళమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. "అమ్మకి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెడుతున్నాం. నువ్వు గులాబీ పువ్వులు తేవాలక్కా."

కర్మ దగ్గర, వాళ్ళ పెద్దవాళ్ళందరి ముందు! "మేం గుడ్డు వేస్తాం కదమ్మా. పోనీ వేయకుండా చెయ్యనా?"

"అమ్మ తిన్నట్టే చెయ్యక్కా."

డబ్బా ఒళ్ళో పెట్టుకుని రేపల్లె రైలెక్కాను. ఫొటో ముందు విస్తరి వేసి ఉంది. ఆ పిల్ల డబ్బా మూత తీసి గారెల పక్కనే నా పువ్వులు పెట్టింది. వాళ్ళ మేనత్త వంగి చూసి, "ఇవెవరింటివే?" అంది.

"మనింటివే అత్తా."

ఆవిడ సరేనని తలూపి, విస్తరి అంచు సర్దింది. అప్పుడు చూశాను, పైన పెట్టిన పువ్వుకి ఒక రేకు మాడి ఉంది. ఫొటోలోని మొహం వైపు తలెత్తి, వంక కోసం ఎదురుచూస్తూ నిలబడిపోయాను.