ఖాసింబీ అత్త ఇచ్చిన డబ్బా

పిల్లలు సెలవులకు సింగపూరు వెళుతున్నారు. మా కోడలు ఊరగాయ, చెనిక్కాయల పొడి పెట్టెలో సర్ది, ఒక డబ్బాకు గుడ్డ చుట్టి ముడేసింది. ఆ ముడి చూశాక నేను అక్కడ నిలబడలేకపోయాను.

చిన్నప్పుడు జమ్మలమడుగులో ఖాసింబీ అత్తది మా పక్కిల్లు. మా ఇంట్లో ఆడవాళ్ల రవికలన్నీ ఆమే కుట్టేది. వేసవి సెలవులకు కొలంబోలో ఉన్న చిన్నాయన దగ్గరికి మేము బయల్దేరిన రోజు, గుడ్డ చుట్టిన ఇత్తడి డబ్బా తెచ్చింది.

"కొత్త బాండ్లిలో, మీ అంగడి నూనెతోనే చేసినా వదినా. పిల్లోళ్లకు దోవలో పెట్టు."

అమ్మ నవ్వుతూ అందుకుంది. ఆమె అటు పోగానే, మూతైనా తీయకుండా పేడ ఎత్తే మనిషికిచ్చి, "ఇంటికి తీస్కపో. డబ్బా కడిగి తెచ్చియ్యి," అంది. అమ్మను తప్పుపట్టకుండా ఇది రాయాలనుకున్నాను, చేతకావడం లేదు.

ఇరుగుపొరుగు గిన్నెను ఖాళీగా తిరిగివ్వకూడదని మన వయసు వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. ఊరికి తిరిగొచ్చాక అమ్మ ఆ డబ్బా నిండా చక్కెర పోసి, బాగున్నాయని చెప్పమని నేర్పి, నన్ను పంపింది.

అత్త కుట్టుమిషన్ ఆపింది. "తిన్న్యావా బిడ్డా? ఎట్లుండె?"

నమ్మాలని నేనే ఒక మాట కలిపాను. "శానా బాగుండె అత్తా. కారం సరిపోయింది."

ఆమె కోప్పడలేదు. "అవి కజ్జికాయలు బిడ్డా," అంది. నా పావడ చెరగు పట్టించి, డబ్బాలోని చక్కెరంతా అందులో పోసింది.

ఒలికిపోకుండా మెల్లగా నడిచాను. మా గడప దాకా వచ్చినా వెనక మిషన్ చప్పుడు మళ్లీ వినపడలేదు.