ఆ చచ్చిన చేపలు ఎవరివి

రూబెన్ క్లూలో వారంలో ఆరు రోజులు నోట్లో నాలుక లేని మనిషి. పింగాణీ కార్ఖానాలో బట్టీలోకి కప్పులూ సాసర్లూ పేర్చే పని. మేస్త్రీ ఏమన్నా "సరేనండి", గుమాస్తా ఏమన్నా "సరేనండి". ఇంట్లో భార్య నెల్లీ ఏమన్నా సరేనే. అలాంటివాడికి ఆదివారం వచ్చేసరికి ఎక్కడలేని గొంతూ లేచేది. ఎందుకంటే ఆదివారం కాటా అతని చేతిలో ఉండేది.

ఆదివారం పొద్దున మా కాలువ గట్టున గాలాల పోటీ. టోపీలో నంబర్ల చీటీలు వేసి తలా ఒకటి తీస్తారు, గట్టున పాతిన ఆ నంబరు మేకు దగ్గర పెట్టె వేసుకుని కూర్చుంటారు. పడిన చేపల్ని నీళ్ళలోకి వేలాడేసిన పొడుగాటి వలసంచిలో బతికి ఉంచుతారు. విజిల్ ఊదాక ఎవరి సంచి వాళ్ళు తూయించుకుని, చేపల్ని మళ్ళీ కాలువలోకే వదిలేస్తారు. మరి తినరా అని అడక్కండి, ఆ బురద కంపు చేపల్ని మా గట్టు మీది పిల్లులు కూడా ముట్టవు. పట్టడం, తూచడం, వదలడం, అంతే. దానికోసం కొట్టుకు చచ్చేవాళ్ళు.

పట్టిన చేప చావకూడదు, అదొక్కటే పెద్ద కట్టుబాటు. ఆ కట్టుబాటుకు కాపలాదారు రూబెన్. తడి చెయ్యి కాకుండా పొడి చేత్తో చేపను పట్టుకుంటే దాని ఒంటి జిగురు ఊడిపోతుంది, ఇక పట్టుకున్నవాడి పని అయిపోయినట్టే. "నీ వీపు తోలు ఒలిస్తే నీకెలా ఉంటుందిరా?" అని పది మందిలో కేకలేసేవాడు. పోటీ మధ్యలో తన గాలం ఒడ్డున పెట్టేసి, చేతులు వెనక్కి కట్టుకుని, గట్టంతా తిరిగి అందరి సంచులూ చూసొచ్చేవాడు. ఆ నడక చూస్తే నాకు నవ్వూ వచ్చేది, ఒళ్ళూ మండేది. కార్ఖానాలో వంగిన నడుమంతా అక్కడ నిటారుగా లేచేది పాపం.

నేను చెప్పబోయే గొడవకి ఏడాది ముందు డెరిక్ టామ్స్ సంచిలో ఒక చేప చచ్చి కనిపించింది. డెరిక్‌కి ముప్ఫై ఏళ్ళుంటాయి. అదే కార్ఖానాలో రాత్రి పని, నెమ్మదస్తుడు. గాలం మింగేసిన చేప అది, తీయబోతే చచ్చింది, ఎవరికైనా అయ్యేదే. రూబెన్ వదిలితేగా! ఆ చేపను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "చూడండయ్యా, కసాయి పని చూడండి" అని గట్టు పొడవునా చూపించాడు. ఆ సీజనంతా డెరిక్‌ని రానివ్వలేదు. డెరిక్ ఎదురు చెప్పలేదు. సీజను గడిచాక మళ్ళీ వచ్చి చీటీ తీశాడు. "మంచి చోటు పడిందా క్లూలో గారూ?" అని పలకరించాడు కూడా. అదీ మనిషంటే.

ఇక పందొమ్మిది వందల డెబ్భై ఆరు ఎండాకాలం. చినుకు పడి ఎన్నాళ్ళయిందో అందరూ మర్చిపోయారు. కాలువ అడుగంటింది. లాకులు రోజూ కాసేపే తెరిచేవారు, పడవలవాళ్ళు ఆ కాసేపటి కోసం బారులు తీరేవారు. దిగువ లాకు నిండాలంటే రెండు లాకుల మధ్య ఉన్న మా నీళ్ళే లాగాలి కదా, ఒక్క పడవ దిగితే చాలు, ఒడ్డున జానెడు బురద బయటపడేది. కాబట్టి వలసంచిని దూరంగా, లోతులోకి కర్ర గుచ్చి వేలాడెయ్యాలి. ఈ సంగతి మా గట్టున అందరికీ చెప్పిందెవరు? రూబెనే.

ఆ ఆదివారం రూబెన్‌కి రెల్లు పొద పక్కన చోటు పడింది. పొదకు అవతల డెరిక్, ఇటు పక్క గట్టు వంపు, అక్కడ ఏం పడినా ఎవరికీ కనబడదు. పొద్దున్నే రూబెన్ బెండు మునగడం మొదలైంది, ఇక ఆగలేదు. ఒకదాని వెనక ఒకటి బ్రీమ్ చేపలు, ఒక్కొక్కటీ తినే పళ్ళెం అంత వెడల్పు. ఇన్నేళ్ళలో అతనికి అంత వేట పడలేదు. వలసంచి లోతులో వేలాడేస్తే ప్రతిసారీ లేచి వంగాల్సొస్తోందని, కాళ్ళ దగ్గరికి, ఒడ్డు పక్క మెరక మీదికి లాక్కున్నాడు. కాసేపే కదా అనుకున్నాడు. అప్పుడే గట్టు చివర కొత్తగా చేరిన ఒక మనిషి సంచి సరిగ్గా వెయ్యలేదని ఎవరో అన్నారు. ఇంకేముంది, గాలం ఒడ్డున పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని బయల్దేరాడు.

ఆ కొత్త మనిషిని నిలబెట్టి కడిగేశాడు. "లాకు తెరిస్తే నీళ్ళు దిగుతాయని తెలీదూ? ఈ ఎండకి బురదలో పడితే అవి ఎంతసేపుంటాయి? నీకు గాలం ఎవడిచ్చాడయ్యా?" ఆ మనిషి చెవులు ఎర్రబడ్డాయి. రూబెన్‌కి ఉత్సాహం వచ్చి మరికాస్త సేపు అక్కడే నిలబడ్డాడు. ఇటు లాకులోకి పడవ దిగింది.

తిరిగి వచ్చేసరికి వలసంచి బురద మీద పడి ఉంది. నీళ్ళు అంత దూరాన ఉన్నాయి. లోపల చేపలు ఒకదాని మీద ఒకటి, ఎండకి జిగురు ఆరిపోయి, నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. రూబెన్ సంచిని ఈడ్చి నీళ్ళలో ముంచాడు, అటూ ఇటూ ఆడించాడు, "కదలవే, కదలవే తల్లీ" అని గొణిగాడు. ఒక్కటీ కదల్లేదు. అలాగే చతికిలబడ్డాడు. అప్పుడే విజిల్ వినబడింది.

తూకం వేసేటప్పుడు పక్కవాడు వచ్చి సంచి ఎత్తడానికి చెయ్యి వెయ్యాలి, సాక్ష్యం కింద. అందుకని డెరిక్ రెల్లు పొద చుట్టూ తిరిగి వచ్చాడు. "ఏం పడ్డాయి క్లూలో గారూ? ఇందాకటి నుంచి మీ వైపు చప్పుడే లేదు..." అంటూ వచ్చి సంచిలోకి చూశాడు.

రూబెన్ తలెత్తలేదు. ఇప్పుడు వీడు అరుస్తాడు, అరవనీ అనుకున్నాడు. డెరిక్ అరవలేదు. గట్టు మీద అటూ ఇటూ చూశాడు.

"ఎవరూ చూళ్ళేదు," అన్నాడు మెల్లగా. "ఆ పొదలోకి వదిలేద్దాం. ఒక్కటీ పడలేదని చెప్పెయ్యండి."

రూబెన్ సరే అనలేదు, వద్దూ అనలేదు. డెరిక్ సంచి తీసుకెళ్ళి రెల్లులోకి వంచేశాడు, ఖాళీ సంచి కడిగి తెచ్చి చేతికిచ్చాడు. "ఎవరికైనా అవుతుందండీ," అన్నాడు. ఆ మాటకి రూబెన్‌కి తల కొట్టేసినట్టయింది. ఏడాది కింద తను అనాల్సిన మాట అది.

తర్వాత కాటా పట్టుకుని గట్టంతా తూచుకుంటూ వెళ్ళాడు. డెరిక్ పట్టిన రెండు చిన్న రోచ్ చేపలు తూచాడు, అవి తోకలాడించుకుంటూ నీళ్ళలోకి పోయాయి. ప్రతి మేకు దగ్గరా ఒకటే ప్రశ్న. "పెద్దాయనా, నీకెన్ని?" "ఒక్కటీ తగల్లేదు." "రూబెన్‌కి ఒక్కటీ తగల్లేదట్రోయ్!" అని నవ్వులు, వీపు మీద చరుపులు. మొదటిసారి అబద్ధం గొంతులో అడ్డం పడింది. చివరికొచ్చేసరికి సాఫీగా వచ్చేసింది.

వంతెన దగ్గర అందరూ చేరి ఫ్లాస్కుల్లోంచి టీ పోసుకుంటున్నారు. నెల్లీ కట్టిచ్చిన ఓట్స్ పిండి అట్లు, మధ్యలో పందిమాంసం ముక్క, పొట్లం విప్పకుండానే ఉంది. ఇంతలో ఒక పడవ వచ్చింది. దాని అలకి రెల్లు ఊగింది. ఆ పొదలోంచి ఒకటి, వెనకే ఇంకోటి, తర్వాత గుంపుగా, తెల్లటి పొట్టలు పైకి పెట్టుకుని బ్రీమ్ చేపలు తేలుకుంటూ వచ్చాయి, వచ్చి వచ్చి సరిగ్గా వాళ్ళ కాళ్ళ ముందే ఆగాయి.

క్లబ్బు కార్యదర్శి సిడ్ బాడ్లీ చేతిలో కప్పు కింద పెట్టాడు. లావుపాటి మనిషి, కోపం రాదు, వస్తే ఆగదు. "ఎవరివివి?" అన్నాడు.

"ఆ పొద పక్కన కూర్చుందెవరు?" అన్నాడొకడు. "ఇంకెవరు? ఆ కసాయి." తలలన్నీ డెరిక్ వైపు తిరిగాయి. "చచ్చినవి పొదలో తోసి, బతికిన రెండూ చూపించాడు చూశావా, ఎంత తెలివి!"

డెరిక్ రూబెన్ వైపు చూశాడు. నిందిస్తున్నట్టు కాదు, ఊరికే చూశాడు.

"నావి," అన్నాడు రూబెన్.

సిడ్ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఊరుకో రూబెన్. ఒక్కటీ తగల్లేదని నువ్వేగా ఇంతమందికి చెప్పావు. పోయినేడు వాణ్ణి గట్టిగా అన్నావని ఇప్పుడు జాలిపడుతున్నావ్. మాకు తెలీదా నీ మనసు?" చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. "పైకలా అరుస్తాడు గానీ మనసు వెన్న," అన్నాడు ఇంకొకడు. ఆ కొత్తగా చేరిన మనిషి, పొద్దున్న తిట్లు తిన్నవాడు, అతను కూడా గౌరవంగా చూశాడు.

రెండోసారి గట్టిగా అంటే అయిపోయేది. "ఒరేయ్, నావేరా, మెరక మీద పెట్టి మర్చిపోయాను" అంటే అయిపోయేది. ఎంతసేపు పడుతుంది ఆ మాట అనడానికి? డెరిక్ ఎదురుచూస్తూ నిలబడ్డాడు. రూబెన్ కాటా తుడుస్తూ ఉండిపోయాడు.

డెరిక్ జేబులోంచి క్లబ్బు కార్డు తీసి సిడ్ చేతిలో పెట్టాడు. ఈసారి ఒక్క సీజను కాదు, ఇక ఎప్పటికీ రాకూడదని అందరికీ తెలుసు. పెట్టె భుజానికి తగిలించుకుని వంతెన మెట్లెక్కి వెళ్ళిపోయాడు. రాత్రంతా బట్టీ వేడిలో ఉండేవాడికి ఆ ఆదివారం నీళ్ళు తప్ప ఇంకే సరదా ఉందని!

మర్నాటికల్లా ఊరంతా తెలిసిపోయింది. మాంసం కొట్టులో నెల్లీకి మంచి ముక్క కోసి ఇచ్చారట. "నీ మొగుడు దేవుడమ్మా, ఇంకొకడి తప్పు నెత్తిన వేసుకోబోయాడు," అన్నారట. ఆమె మురిసిపోయి ఇంటికొచ్చి చెప్పింది. "నాతో ఒక్క ముక్క చెప్పలేదేం రూబెన్? ఇంత మంచి పని చేసి?" అతను పళ్ళెం ముందు కూర్చుని తల వంచుకున్నాడు. కార్ఖానాలో మేస్త్రీ కూడా "ఏమయ్యా క్లూలో" అని పేరు పెట్టి పిలిచి చెయ్యి కలిపాడు, ఇన్నేళ్ళలో మొదటిసారి. ఎవరు పొగిడినా అతనికి చెంప మీద కొట్టినట్టే ఉండేది. అయినా ఖండించాడా అంటే, లేదు. అదే నాకు మింగుడుపడనిది.

శనివారం సాయంత్రం డెరిక్ ఇంటికి వెళ్ళాడు. ఆదివారం వేసుకునే కోటు వేసుకుని వెళ్ళాడు. డెరికే తలుపు తీశాడు, అప్పుడే నిద్ర లేచినట్టున్నాడు.

"డెరిక్, ఆ చేపలు నావి," అన్నాడు రూబెన్ వాకిట్లోనే నిలబడి. "నేనే చంపాను. నీ మీద పడింది. సిగ్గుతో చచ్చిపోతున్నానయ్యా."

డెరిక్ తలుపు మీది చెయ్యి తియ్యలేదు.

"నాకెందుకు చెబుతున్నారు క్లూలో గారూ?" అన్నాడు. "నాకు తెలుసు కదా."

తలుపు మెల్లగానే వేశాడు. విసురుగా వేసినా బాగుండేది.

మర్నాడు పొద్దున గట్టు మీద చీటీల కోసం అందరూ చేరారు. రూబెన్ రావడం చూసి ఒకడు చప్పట్లు కొట్టాడు, ఇంకొకడు టీ కప్పు చేతిలో పెట్టాడు. రూబెన్ కాటా తీసి సిడ్ కాళ్ళ దగ్గర పెట్టాడు. పెట్టి, బట్టీ గదిలో ఎన్నడూ రాని గొంతుతో, గట్టు చివరిదాకా వినబడేలా మొత్తం చెప్పాడు. వంగడానికి బద్ధకించి సంచిని మెరక మీదికి లాగిన సంగతీ, కొత్త మనిషికి నీతులు చెబుతూ నిలబడ్డ సంగతీ, డెరిక్ పొదలోకి వంచుతుంటే చూస్తూ ఊరుకున్న సంగతీ. ఏదీ దాచలేదు.

ఈసారి నమ్మారు. ఎవరూ తిట్టలేదు. ఒక్కొక్కళ్ళూ చూపులు పక్కకి తిప్పుకున్నారు. చప్పట్లు కొట్టినవాడు తన బూట్లకేసి చూసుకుంటున్నాడు.

"డెరిక్ కార్డు నేనే తీసుకెళ్ళి ఇస్తాను," అన్నాడు సిడ్ చివరికి. "వాడు తీసుకుంటాడో లేదో." కాస్త ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఒక్కటి చెప్పు రూబెన్. ఆవేళ నావి అన్నావు, మేం నమ్మలేదు. మేం నమ్మనప్పుడు నీకెలా అనిపించింది?"

రూబెన్ కప్పులోకి చూశాడు. చేతిలో టీ చల్లారిపోయింది.

"హాయిగా అనిపించింది సిడ్," అన్నాడు.