నారకు పెట్టిన గంజి

ఈ బరువును ఏళ్ళ తరబడి మోస్తున్నాను. మీరు నన్ను ఎరగరు కాబట్టి చెప్పగలుగుతున్నాను. విచిత్రం ఏమిటంటే, ఆ రోజు తలపుకు రాగానే నాకు ముందు సంతోషమే కలుగుతుంది. సిగ్గు ఆ తర్వాత.

డెబ్బైల చివర మద్రాసులోని మా కాలేజీ, బెంగళూరులోని ఒక విశ్వవిద్యాలయం కలిసి కొత్త పదార్థాల పరిశోధన మొదలుపెట్టాయి. కిత్తనారను రెసిన్ అనే గట్టిపడే జిగురులో పొదిగి ఇంటికప్పు రేకులు చేయాలట. కిత్తమట్టల నుంచి రేకులు! ఆ మాట విన్న సాయంత్రం మా ఊరు తిరుత్తణి దాకా రైల్లో కుదురుగా కూర్చోలేకపోయాను. మా విద్యార్థుల్లో ఎవరు తీసిన నార ఎక్కువ లాగుడుకు ఓర్చుకుంటే వాళ్ళకు బెంగళూరులో శిక్షణ. షరతు ఒక్కటే, నారకు నీళ్ళు తప్ప ఇంకేదీ తగలకూడదు.

చివరికి మిగిలింది ఇద్దరం. నేనూ, తిరువళ్ళూరులో రైలెక్కే స్టెల్లా. రోజూ ఆమెకు సీటు పట్టేదాన్ని. పట్టాల పక్కన మట్టలు కలిసే కోశాం.

మాది నేతవాళ్ళ ఇల్లు. పరీక్ష ముందురోజు అమ్మ, మగ్గం మీద పడుగు పోగులు తెగకుండా గట్టిపడాలని గంజి కాచింది. పక్కనే నా నార. అలవాటుకొద్దీ చెయ్యి పోయిందని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. మరి కనపడకుండా పూయాలని గంజిని గుడ్డలో వడగట్టిందెవరు?

యంత్రం నా నారను లాగింది. ముల్లు ఎక్కుతోంది. స్టెల్లా నార తెగిన అంకె దాటింది. ఇంకా ఎక్కుతోంది! నాకంటే ముందు స్టెల్లానే గంతేసింది.

"ఏమే, ఏం చేసినావే దీన్ని?"

"ఏం లేదే. బాగా నానబెట్టినా, అంతే."

"లేదు, నీ చేతిలో ఏమో ఉండాది. నాకూ నేర్పియ్యే."



బెంగళూరు వెళ్ళాను. మైక్రోస్కోపు కింద నార లోపలి గొట్టాలు మొదటిసారి చూసి గట్టిగా అరిచాను. ఆ ఆనందం నాది కాదని ఎలా అనను? ఇక్కడ స్టెల్లా నా మాట నమ్మి నారను ఇంకా ఇంకా నానబెట్టింది. కుళ్ళిపోయింది. మళ్ళీ నానబెట్టింది. నేను తిరిగొచ్చేసరికి చదువు మానేసి టైపు నేర్చుకుంటోంది.

"నాది ఆ చెయ్యి కాదులే," అంది రైల్లో, నవ్వుతూనే. అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచేలోపు తిరువళ్ళూరు వచ్చింది, దిగిపోయింది. నిజానికి నేను నోరు తెరవనే లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగేది కాదు. ఆ రోజు చెప్పని మాట ఒక్కసారి బయటికి అననివ్వండి, చాలు. నా చేతిలో ఏమీ లేదు, స్టెల్లా. గంజి పెట్టినాను.