తెరిచి ఉంచిన తలుపు

మా పక్కింటి డ్రాయింగు మేష్టారు పోయారని శుక్రవారం తెల్లారుతూనే వాళ్లావిడ గోడ మీదుగా చెప్పారు. ఆ మాట విని నేను చేసిన మొదటి పని, వాళ్ల వరండాలో ఆయన పీట ఉందా లేదా అని చూడడం. ఉంది. అప్పటినుంచీ ఇంట్లో నా కాలు నిలవడం లేదు.

పీట సంగతి తెలియాలంటే మీకు కారు సంగతి చెప్పాలి. విజయవాడలో ఏటా జరిగే పాత కార్ల ప్రదర్శనకి హనుమాన్ జంక్షన్ రైసుమిల్లు ఓనరొకాయన ఫ్రెంచివాళ్ల చిన్న స్పోర్ట్స్ కారు తెస్తారు. నీలిది, ఇద్దరికే చోటు, ఎత్తు నా నడుం దాకా రాదు. మేష్టారు ఆదివారం ఆరాధన ముగియగానే బైబిలు సంచీతోనే వచ్చేసి, చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ తిరుగుతూనే ఉండేవారు. నా కార్ల చదువంతా మైలవరం టాక్సీల్లో అయింది. ఎంతమంది పడతారన్నదే అక్కడ కొలత. మా పెళ్లివారంతా ఒకే టాక్సీలో... సరే, అది వేరే కథ.

"ఇద్దరి కోసం ఇంత ఇనుమా మేష్టారూ?" అన్నానోసారి.

"ఇనుము కాదండీ, గీత చూడండి. ముందు దీపం దగ్గర మొదలెట్టి వెనకదాకా చెయ్యి ఎత్తకుండా గీశాడు."

ఆ తరవాత గవర్నర్‌పేట ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా, చుట్టూ ఉన్న కార్లన్నీ చెయ్యి ఎత్తి ఎత్తి గీసినవిలాగే కనిపించేవి.

"ఒకసారి కూర్చోండి మేష్టారూ," అనేవారు ఓనరు ఏటా.

"కూర్చుంటానండీ. లేపడానికి క్రేను పిలవాలి," అని మేష్టారు తప్పించుకునేవారు. పోయినేడు మాత్రం ఏమనిపించిందో, "వచ్చేసారి కూర్చుంటాను," అని మాటిచ్చేశారు. ఇక ఆ మాట ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. రోజూ సాయంత్రం వరండాలో ఆ కారు సీటంత ఎత్తు పీట వేసుకుని, కాళ్లు చాపి కూర్చోవడం, లేవడం.

"ఈ వయసులో ఈయన డ్రైవింగు స్కూల్లో చేరారండీ," అని వాళ్లావిడ నవ్వేవారు. నేను చెయ్యందించి లాగేవాణ్ణి. మొన్న బుధవారం ఆయన తనంతట తానే లేచారు. "ఇంక మీరు అక్కర్లేదు," అన్నారు, నన్ను ఉద్యోగంలోంచి తీసేసినట్టు.

శనివారం సమాధి చేసి వచ్చాం. మర్నాడే ప్రదర్శన. వెళ్లకూడదనుకున్నాను. చెప్పులు వేసుకుని, విప్పి, మళ్లీ వేసుకుని వెళ్లాను.

ఓనరు నన్ను దూరం నుంచే చూసి కారు తలుపు తెరిచారు. సీటు మీద దుప్పటి మడతపెట్టి, కాస్త ఎత్తు చేసి ఉంచారు.

"మేష్టారేరండీ?" అంటూ నా వెనక్కి చూశారు.

చెప్పాను.

ఆయన తలుపు వేయలేదు.

"ఆ డోరు వేయండి సార్, షేపు పోతోంది," అన్నాడు ఫోటో తీసుకునే కుర్రాడొకడు.

"ఉండనివ్వు," అన్నారాయన.

నేను చేతులు వెనక్కి కట్టుకుని కారు చుట్టూ తిరిగాను. తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆ తలుపు తెరిచే ఉంది.