కాళ్ళమీద స్నానం

మాచర్లలో మా వీధి పిల్లల్లో సగంమంది మా అత్త చేత నీళ్ళు పోయించుకున్నవాళ్ళే. పీటమీద కూర్చుని, చీర మోకాళ్ళదాకా ఎగదోపి, కాళ్ళు చాపి పిల్లను వాటిమీద పడుకోబెట్టుకునేది. నూనె పట్టించి, నలుగు పెట్టి, చేతులు రెండూ రొమ్ముకు అడ్డంగా వేసి అటొకసారి ఇటొకసారి లాగి, వేణ్ణీళ్ళు పోసేది. ఎవరింట్లో కాన్పయినా ముందు ఆవిడకే కబురొచ్చేది. ఆవిడకు దక్కని పిల్ల సొంత మనవరాలొక్కతే. నా కూతురు గుండెలో రంధ్రంతో పుట్టింది. చెంబెడు నీళ్ళు పడితే చాలు, ఏడ్చి ఏడ్చి పెదాలు నల్లబడేవి. తడిగుడ్డతో తుడవడమే దాని స్నానం. రెండేళ్ళు దాటినా ఏడాది పిల్లంతే ఉండేది.

ఎనభైల చివర్లో మద్రాసులో ఆపరేషన్ అయింది. నేనూ, నాపరాళ్ళ క్వారీలో పనిచేసే మా ఆయనా ఇద్దరమే వెళ్ళాం. ఇంటికి పంపేముందు ఒక మలయాళీ నర్సు మమ్మల్ని కూర్చోబెట్టి వచ్చీరాని తెలుగులో జాగ్రత్తలు చెప్పింది. రొమ్ము ఎముకను కోసి తీగతో కట్టారట. అది అతుక్కునేదాకా చంకల్లో చేతులు పెట్టి ఎత్తకూడదు, చెయ్యి పట్టి లాగకూడదు. ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి పిర్రల కింద పెట్టి ఎత్తాలి. ఒక దిండు ఇచ్చి మాచేత చేయించింది. మా ఆయన మొదటిసారే సరిగ్గా ఎత్తాడు. రాతి పలకను అంచు పట్టి లేపితే విరుగుతుంది కాబట్టి కింద చేతులు పెట్టడం ఆయనకు అలవాటే. నేను చానాసార్లు తడబడ్డాను. పిల్ల దగ్గినా ఏడ్చినా రొమ్ముమీద అరచెయ్యి పెట్టి చూడమంది. లోపల ఎముక కదిలినట్టుంటే ఆగకుండా తీసుకురమ్మంది.

“నీళ్ళు పొయ్యొచ్చా అమ్మా?” అని అడిగాను.

“కుట్లు ఎండాక పొయ్యి. సబ్బుతో మెల్లగా కడుగు,” అంది.

ఆమెకు స్నానమంటే బకెట్టూ మగ్గూ. మాకు పసిపిల్లల స్నానమంటే మా అత్త కాళ్ళు. ఆ తేడా ఆమెకూ తట్టలేదు, మాకూ తట్టలేదు.

ఇంటికొచ్చాక ఎవరు చేతులు చాచినా పిల్లను ఇవ్వలేదు. మద్రాసు పోయొచ్చిందని ఎంత నీలుగుడో చూడండని మూతులు విరిచారు. విరుచుకోనీ అనుకున్నాను. మా అత్తకు మాత్రం దిండుతో ఎత్తడం నేర్పాను, చెయ్యి పట్టి లాగకూడదనీ చెప్పాను. ఆవిడ పొల్లు పోకుండా నేర్చుకుంది. “నీళ్ళెప్పుడు పొయ్యమన్నదే ఆ నర్సమ్మ?” అని రోజూ అడిగేది. కుట్లు బాగా ఎండాక ఒక ఉదయం, “పొయ్యత్తా,” అన్నాను.

“ఇన్నాళ్ళకు నా చేతికొచ్చావా, నా తల్లీ,” అంటూ నేర్పినట్టే ఎత్తి కాళ్ళమీద పడుకోబెట్టుకుంది. నూనె పట్టిస్తూ మచ్చ దగ్గర వేలు కూడా ఆననివ్వలేదు. చూస్తుంటే నాకు కడుపు నిండినట్టయింది. కాగులో నీళ్ళు తోడటానికి ఇటు తిరిగాను. అంతలో ఆవిడ చేతులు ఎప్పుడూ చేసే పని చేసేశాయి. పిల్ల రెండు చేతులూ పట్టి రొమ్ముకు అడ్డంగా వేసి లాగింది.

పిల్ల నోరు తెరిచింది కానీ కాసేపు ఏడుపే రాలేదు. వచ్చాక రొమ్ముమీద అరచెయ్యి పెట్టాను. లోపల ఎముక టక్కున కదిలింది.

“చంపావే ముసలిదానా,” అన్నాను. ఆవిడ నూనె చేతులు గాల్లోనే పెట్టుకుని కూర్చుండిపోయింది.

ఊళ్ళో డాక్టరు చూసి, ఇది తన చేతిలో లేదని, కోసినచోటికే తీసుకెళ్ళమన్నాడు. గుంటూరుదాకా బస్సు, అక్కణ్ణించి రైలు. మా ఆయన ఒళ్ళో దిండు పెట్టుకుని, దానిమీద పిల్లను పడుకోబెట్టుకుని, కుదుపులన్నీ తన తొడలమీదే కాచుకున్నాడు. దారిలోనే జ్వరం మొదలైంది. అది దగ్గినప్పుడల్లా నేను చెయ్యి పెట్టి చూడటం, ఎముక కదలడం. దేవుడికి మొక్కలేదు, తిట్టాను. రమ్మనకపోయినా మా అత్త వెంట వచ్చింది. రైల్లో చోటున్నా తలుపు దగ్గరే నిలబడింది.

మద్రాసులో డాక్టర్లు చూసి, తీగ తెగింది, లోపల చీము పడుతోంది, మళ్ళీ తెరవాలి అన్నారు. బతుకుతుందని మాటివ్వలేమని కూడా అన్నారు. పిల్లను లోపలికి తీసుకెళ్ళాక ఆ నర్సు వరండాలోకి వచ్చింది.

“కింద పడిందా?”

మా అత్త వరండా గచ్చుమీద కూర్చుని కాళ్ళు చాపి, ఆ దిండు ఇమ్మంది. నూనె రాయడం దగ్గర్నుంచి అన్నీ చేసి చూపించింది. దిండు కొసలు రెండూ పట్టి అడ్డంగా వేసినప్పుడు నర్సు కళ్ళు మూసుకుంది.

“ఇది నాకు తెలీదమ్మా. నేను అడగలేదు,” అంది.

లోపలికెళ్ళి ఒక తెలుగు జంటను వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళ బిడ్డకూ ఇదే ఆపరేషనట, ఆ రోజే ఇంటికి పోతున్నారు. “వీళ్ళకూ చూపించమ్మా,” అంది. నాకు ఒళ్ళు మండింది. ముసలిమనిషిని ఇంకెంత ఏడిపిస్తారనుకున్నాను. మా అత్త మాత్రం కొంగుతో మొహం తుడుచుకుని దిండు సర్దుకుంది.

“ఇక్కడిదాకా ఏం కాదు. ఇదిగో, ఇది మాత్తరం చెయ్యమాకండి. తెలిసినా సరే, చేతులు మన మాట ఇనవు. నీళ్ళు పోసేవోళ్ళకు ముందే చెప్పి, పక్కనే కూచోండి.”

ఆ తల్లి మా అత్త పక్కన గొంతుక్కూర్చుంది. “మరి మీ పాప ఎట్టా ఉందమ్మా?” అని అడిగింది.

“లోపలుంది. ఇంకా ఏం చెప్పలా,” అంది మా అత్త. దూరంగా నిలబడ్డ ఆ తండ్రిని కూడా దగ్గరికి పిలిచి, దిండు మళ్ళీ కాళ్ళమీద పెట్టుకుని, మొదటినుంచి చూపించింది.