టప్‌మనే తోలు మూత

మా కోంటా వైపు చొక్కా జేబులో ఒక పెన్ను కనిపిస్తే చదువుకున్నవాడు, రెండు కనిపిస్తే ఉద్యోగస్థుడు అనుకునే రోజులవి. అలాంటి రోజుల్లో నా జేబులో ఏకంగా ఎలక్ట్రానిక్ డైరీ ఉండేది. ఇనుప గనుల టౌన్‌షిప్‌లో పనిచేసే మా బావ కొత్తది కొనుక్కుని, అరచేతిలో పట్టే ఆ పాత యంత్రాన్ని నాకిచ్చాడు. "దీని మూత విరిగిపోయింది బామ్మర్దీ. దుమ్ము పడితే పాడైపోతుంది, ఏదన్నా కప్పి వాడుకో" అని ఒక సలహా కూడా ఇచ్చాడు. యంత్రం కంటే ఆ సలహా నా తలకి బాగా ఎక్కింది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. వానలకు ముందు పశువులకు గొంతువాపు టీకాలు వేసే పనిలో తాత్కాలికంగా చేరాను. సంతలో చెప్పులు కుట్టే పెద్దమనిషి చేత డైరీకి నల్లతోలు మూత కుట్టించాను. పుస్తకం అట్టలా తెరుచుకునేది, అంచున టిచ్ బటన్. మూస్తే 'టప్' మనేది. ఆ మోత విన్నాక నేనిక మామూలు మనిషిని కాలేదు. ఎద్దుకు సూది వెయ్యడం, చెయ్యి తుడుచుకోవడం, మూత తెరిచి యజమాని పేరు, ఎద్దు రంగు ఎక్కించడం, మూత మీది దుమ్ము ఊదడం, టప్. ఇంకో ఎద్దు, ఇంకో టప్. (పేరు అడిగేటప్పుడు గొంతు కూడా కొంచెం బరువుగా పెట్టేవాణ్ణి. ఏ సాహెబును చూసి నేర్చుకున్నానో గుర్తులేదు.)

మా పశువుల ఆసుపత్రి పెద్ద కంపౌండరును అందరం మామ అనేవాళ్ళం. "సూదేసిన ఎద్దుకు కొమ్ము మీద ఎర్రరంగు గీత పెట్టాలె అల్లుడూ" అని మొదటిరోజే చెప్పాడు. "రంగెందుకు మామా, మిషన్ల అంతా ఎక్కిస్తున్న గద" అన్నాను. ఆయన నన్నూ, నా తోలు మూతనూ ఒకసారి చూసి, రంగు డబ్బా నా సైకిలుకే తగిలించి, తనకు పడ్డ ఊళ్ళకు తాను పోయాడు.

కిష్టారం అవతల నాకు మూడు పల్లెలు పడ్డాయి. అడవికి మేతకు పోయిన ఎడ్లు ప్రతి ఊళ్ళోనూ కొన్ని మిగిలిపోయాయి. వాటికోసం మళ్ళీ వెళ్దామని, ఎవరివి అయ్యాయో చూసుకోవడానికి మూత తెరిచాను. తెర మీద ఏమీ లేదు. బ్యాటరీలు మార్చాను. డైరీ వెలిగి, ఈరోజు తారీఖేమిటని నన్నే అడిగింది. దానికింక ఏ ఎద్దూ గుర్తులేదు. తీరా చూస్తే, టిచ్ బటన్ వెనకనున్న ఇనుపముక్క సరిగ్గా యంత్రాన్ని వెలిగించే మీట మీద కూర్చుంటోంది. నేను జాగ్రత్తగా మూసిన ప్రతిసారీ అది లోపల వెలుగుతూనే ఉండి, చివరికి ప్రాణం విడిచింది. దుమ్ము మాత్రం రవ్వంత కూడా పడలేదు.

సంగతి చెబితే మామ తిట్టలేదు. తిడితే బాగుండేది. "మబ్బు చూసినవా? నాలుగు పొద్దుల్ల వాన పడతది. సూదెయ్యని ఎద్దు రోగమొచ్చి పడిపోతే ఆ ఇంట్ల దుక్కి ఎట్ల? పో, ఊరూరు తిరిగి అడుగు" అన్నాడు.

మొదటి పల్లెలో నలుగురినీ పిలిచి నీళ్ళు నమిలాను. ఒక ముసలి అవ్వ సంగతి కనిపెట్టేసింది. "ఏంది సారూ, నీ డబ్బా మర్సిపోయిందా? మేం మర్వలేదులే. నువ్వు తెర్సుడు, మూసుడు చూసెతందుకే గద మేం పని ఇడిసి కూసున్నది!" ఇక ఊరంతా అందుకుంది. తమ దోర్లీ భాషలో కొందరు, తెలుగులో కొందరు, ఎవరి వాకిట్లో ఎన్నిసార్లు టప్‌మన్నదో నాలుకతో మోగించి మరీ చెప్పారు. నా నడకను చేసి చూపించినవాళ్ళు కూడా ఉన్నారు. నేను తల వంచుకుని, చెప్పిన కొమ్ముకల్లా ఎర్రగీత పెట్టుకుంటూ పోయాను.

అవ్వ తన నల్లెద్దును పట్టుకొచ్చింది. దాని కొమ్ముకు గీత పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "దీనికి టప్ అయితే అన్నది గని, సూది ఎయ్యలే."

"అదెట్ల అవ్వా?"

"ఎద్దు రంగడిగినవ్, ఎక్కిచ్చినవ్, మూసినవ్. సూది అని నేను నోరు తెరుస్తే, మిషన్ల ఎక్కింది, అయిపోయింది పో అన్నవ్. సదువుకున్నోడివి, నీకు తెల్వదా అని ఊకున్న."

డైరీ బాగా ఉండి ఉంటే, ఆ ఎద్దు అందులో టీకా పడిన ఎద్దుగానే ఉండేది. నేను దాన్ని నమ్మి, ఆ వాకిలి దాటి పోయేవాణ్ణి. అక్కడికక్కడే సూది వేశాను. "నొప్పైందా?" అని అవ్వ అడిగింది, ఎద్దును. మూడు ఊళ్ళూ ముగించి తిరిగొస్తుంటే దారిలోనే వాన పట్టుకుంది.

ఇప్పటికీ ఇదే పనిలో ఉన్నాను. సూది వేశాక కూడా ఎద్దు మెడ తడిమి, "వేశానా?" అని యజమానినే అడుగుతాను. కొత్తగా చేరినవాళ్ళు నా చాదస్తానికి నవ్వుకుంటారు. నవ్వనీ. ఆ ఇరవై రెండేళ్ళవాణ్ణి చూసి ఉంటే ఇంకా నవ్వేవాళ్ళు. నాకు మాత్రం వాడి మీద ఇప్పుడు కోపం లేదు. ఎక్కడన్నా ఎదురైతే భుజం మీద చెయ్యి వేసి, "ఒరే నాయనా, అవ్వ ఏదో చెప్తోంది, ముందు అది విను" అంటాను, అంతే.