చేపల కోసం తీసిన కిటికీ

గడియారాలు బాగుచేసే మా బాబాయి తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. మా నాన్నతో మాటామాటా పెరిగి, మా వంటింటి వైపున్న తన గది కిటికీకి మేకులు కొట్టేశాడు. ఆ గదిలోనే ఉప్పునీళ్ల తొట్టి పెట్టి సముద్రపు చేపలు పెంచుతున్నాడు.

ఆ నీళ్ల పీహెచ్ ఎనిమిది పాయింట్ రెండు ఉండాలట. పొద్దున్నే మీటరు ముంచితే ఏడు పాయింట్ ఎనిమిదే. పొడి కలిపితే పెరిగేది, తెల్లారేసరికి మళ్లీ పడిపోయేది. చివరికి చేపలమ్మే ఆయన్ని పిలుచుకొచ్చాడు.

“నీళ్లకేం రోగం లేదండీ. గదిలో గాలాడక మీరు వదిలిన ఊపిరే నీళ్లలో కలిసి పీహెచ్‌ని దించేస్తోంది. కిటికీ తీయండి.”

“ఇంకేదైనా మందు చెప్పవయ్యా!” అన్నాడు బాబాయి.

నాలుగు రోజులు గింజుకుని, ఐదో పొద్దున మేకులు పీకాడు. ఎదురుగా నాన్న టీ కాస్తున్నాడు.

“చేపల కోసం తీశాను.”

“నేనడిగానా?” అన్నాడు నాన్న. ఇద్దరూ ఇద్దరే!

మర్నాడు బాబాయి మీటరు ముంచుతుంటే నాన్నే ఉండబట్టలేక అడిగాడు. “ఎంతుందిరా?”

పీహెచ్ అంటే ఏమిటో నాన్నకు ఇప్పటికీ తెలియదు. నెల రోజులుగా అడుగుతూనే ఉన్నాడు.

“ఇంకా కాస్త తక్కువే అన్నయ్యా. రేపు కూడా తీసే ఉంచాలి,” అన్నాడు బాబాయి ఇవాళ.

చేతిలో మీటరు ఎనిమిది పాయింట్ రెండు చూపిస్తోంది.